నడిమి నాళ్ళు

మనుష్యుడు దుఃఖమునకు వెరచినంతగా మార్పునకు వెరవడు. మరణము సంభవించిన యింటికి ఊరంతయు కదలివచ్చును. వచ్చినవారు ఒక్క మాటయైనను ఆడక చాపమీద కూర్చుండిపోయినను, ఆ కూర్చుండుటయే ఒక ఓదార్పగును. కాని మూడు దశాబ్దములు ఒకే కుర్చీలో పనిచేసిన యుద్యోగి, ఒకనాటి సాయంకాలము శాలువా కప్పించుకొని, పూలదండతోను గోడగడియారముతోను ఇల్లు చేరి, మరునాటి యుదయము పది గంటలవేళ చొక్కా తొడుగుకొని, ఎక్కడికి పోవలెనో తెలియక వీధి యరుగుమీద నిలువబడినప్పుడు, ఆతనిని పరామర్శింప నెవ్వరును రారు. వచ్చినవారును "ఇంకేమండీ, హాయిగా విశ్రాంతి" అని అభినందించి పోవుదురు. కూతురిని అత్తవారింటికి పంపిన తల్లికిని, కోరుకొన్న కొలువు దొరకి పరాయియూరు చేరిన పిల్లవానికిని, తొలిచూలు బిడ్డ నెత్తుకొన్న పడుచుకును ఇదే యనుభవము. అవన్నియు లోకదృష్టిలో శుభములు. శుభము జరిగినవారికి అలసట యేమిటని లోకము ప్రశ్నించును; ఆ ప్రశ్న విని విని, అలసినవారును తమ్ము తామే అట్లు ప్రశ్నించుకొని, లోలోపల సిగ్గుపడి, మరింత అలసిపోవుదురు.

శుభమునకును బరువున్నదని 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అను ఇద్దరు వైద్యులు ఒక పట్టిక కట్టి చూపిరి. మనుష్యజీవితములో సాధారణముగా సంభవించు 43 ఘటనలను తీసికొని, ఒక్కొక్కదానిని తట్టుకొని తిరిగి కుదుటపడుటకు ఎంత ప్రయాస పడవలసి వచ్చునో అంకెలలో నిర్ణయింప యత్నించిరి. భార్యాభర్తలలో ఒకరి మరణమునకు 100 అంకము నిచ్చిరి. ఉద్యోగమునుండి తొలగింపబడుటకు 47, పదవీ విరమణకు 45, నివాసము మారుటకు 20. ఇంతవరకు ఎవ్వరును ఆశ్చర్యపడనక్కరలేదు. కాని వివాహమునకు వారిచ్చిన అంకము 50. అనగా కొలువు పోవుటకంటె పెండ్లి యాడుట మూడంకములు బరువైనది! ఘనవిజయము సాధించుటయు ఆ పట్టికలో 28 అంకములతో చోటు సంపాదించుకొన్నది. జీవుని వేదనను ఇట్లు కూడికలు వేసి కొలువవచ్చునా యను సందేహము నాకును కలదు. ఆ దేశమువారి మనస్సులకు సరిపడిన అంకెలు మన పెండ్లిపందిళ్ళకు సరిపడవలెనన్న నియమమును లేదు. అయినను, దేహము కష్టమును సుఖమును వేరువేరు చిట్టాలలో వ్రాసికొనదనియు, పాతది వదలి క్రొత్తది పట్టుకొను ప్రతి సందర్భమును అది ఒకే ఖాతాలో ఖర్చుగా వ్రాసికొనుననియు ఆ పట్టిక చెప్పిన మాట మాత్రము సత్యము.

ఆ సత్యమును నేను మా మేనకోడలి ముఖమున చూచితిని. హైదరాబాదులో ఏడేండ్లు పనిచేసిన కంపెనీని ఆ పిల్ల ఒక శుక్రవారము సాయంకాలము వదలినది. సోమవారము ఉదయము మరియొక కంపెనీలో చేరినది. నడుమ దొరకిన శనివారమును ఆదివారమును ఇల్లు మారుటకు సరిపోయినవి. మరికొన్ని వారములలో పెండ్లి. వరుడు తాను మెచ్చినవాడు, జీతము తాను కోరినది, ఇల్లు తాను ఎంచుకొన్నది. ఒక ఆదివారము మా యింటికి వచ్చి, నా భార్య వేసియిచ్చిన పెసరట్టును తుంచి, తుంచిన ముక్కను తినక పళ్ళెములోనే ఉంచి, చేతిలోని ఫోనుమీద బొటనవ్రేలిని ఊరక పైకిని క్రిందికిని జరుపుచు కూర్చున్నది. ఆ ఫోనులో చదువవలసినదేమియు లేదు. ప్రక్కయింటి ప్రెషర్ కుక్కరు ఈల వేయగానే ఉలికిపడినది.

"నాకేం కష్టం లేదు మావయ్యా. అన్నీ నేను కోరుకున్నవే. మరి తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. లేచి కూర్చుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది. ఎందుకో నువ్వైనా చెప్పు" అన్నది.

పాత యాఫీసు చివరి దినము ఎట్లు గడచినదని అడిగితిని. అప్పటివరకు తనను ఎవ్వరును ఆ మాట అడుగలేదట. మధ్యాహ్నము కేకు కోయించిరి, నలుగురు చప్పట్లు కొట్టిరి, ఫొటో దిగిరి. సాయంకాలము ఆరు గంటలకు లాగిన్ ఆగిపోయినది. ఏడేండ్లుగా ప్రతి యుదయము తెరచిన తెర తన పేరును గుర్తింపక మూసికొనిపోగా, మెడలోని కార్డును తీసి గేటువద్ద నిచ్చి, క్యాబు ఎక్కి, సామాను సర్దుట మిగిలియున్నదని జ్ఞాపకము వచ్చి, దుకాణమువద్ద దిగి అట్టపెట్టెలు కొన్నదట. చెప్పుచు చెప్పుచు కన్నీరు పెట్టుకొన్నది. ఆ కన్నీటికి ఆ శుక్రవారమునుండి ఆ దినమువరకు తీరిక దొరకలేదు.

ఆ పిల్లకు కొరవడినది ధైర్యమును కాదు, సామర్థ్యమును కాదు. ఒక జీవితము ముగిసి మరియొక జీవితము మొదలగుటకు నడుమ నుండవలసిన కొన్ని దినములు ఆమెకు లభింపలేదు. ఈ నడిమి నాళ్ళ విలువను మన పూర్వులు ఏ శాస్త్రవేత్తయు చెప్పకయే గ్రహించినట్లు కనబడుచున్నది. మా అమ్మమ్మగారి యింట పురిటిగది నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది: గుమ్మమునకు వేపమండలు, మూలను కుంపటిమీద సాంబ్రాణి పొగ, నులకమంచముమీద చెవులకు గుడ్డ కట్టుకొని ఒత్తిగిల్లి పడుకొన్న మా పిన్ని, ఆమె చేతికి మా అమ్మమ్మ ఉదయముననే అందించు కాయపు ముద్ద. ఆ గదిలోనున్నన్ని నాళ్ళు ఆమెను ఎవ్వరును ఒక పని చెప్పి లేపరు, ఒక లెక్క అడుగరు. ఆమె అప్పటికి ఇంటికోడలును కాదు, ఇంకను పూర్తిగా తల్లియును కాదు, బాలింతరాలు. ఇరువదియొకటవ దినమున బిడ్డను ఉయ్యాలలో వేసి, తల్లిచేత బావికి పసుపు కుంకుమలు పెట్టించి, చేద వేయించి నీళ్ళు తోడించిన పిదపనే ఆమె మెల్లమెల్లగా ఇంటిపనిలో అడుగుపెట్టెడిది. తిరిగి పనిలో ప్రవేశించుటకును ఒక ముహూర్తమున్నదని ఆ చేద వేయుటలోని భావము.

చావు విషయమునను అంతే. పది దినముల మైల, పండ్రెండవ నాటి భోజనము, నెలనెల మాసికము, సంవత్సరీకము వరకు ఏటిసూతకము. ఏడాదిపాటు ఆ యింట పండుగ లేదు. పండుగ చేసికొనలేదేమని అడుగు హక్కు ఊరిలో నెవ్వరికిని లేదు. క్రొత్తకోడలు ఆషాఢమాసమున పుట్టింటికి పోవుటయు ఇటువంటిదే. ఈ యాచారముల నన్నింటిని మరల తలకెత్తుకొనుడని నేననను. మైల పేరిట ఆడువారిని గదులలో మూసిన కాఠిన్యము, పదియవ దినమున వితంతువునకు జరిపిన అమానుషము మన కాలము వదలించుకొన్న పాపములే. అవి వదలినందుకు మనము ఒక్క దినమైనను విచారింపనక్కరలేదు. కాని ఆ పాపమును కడుగుటలో దానితోకూడ నడిమి నాళ్ళనును కడిగివేసితిమి. ఇప్పుడు తండ్రి పోయిన నాలుగవ దినమున కుమారుడు లాప్‌టాప్ తెరచి మీటింగులో కూర్చుండుచున్నాడు. బ్రాహ్మణుడు బయట మంత్రము చెప్పుచుండగా లోపలి గదిలో ఆతడు మైకు మూసి తెరచుచుండుట నేను చూచితిని.

వాన్ జెనెప్ అను పండితుడు 1909లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన గ్రంథమున, లోకములోని నానాజాతుల సంస్కారములను పరిశీలించి, వాటిలో మూడు ఘట్టములు కలవని నిరూపించెను: పాతదానినుండి విడివడుట, గడపమీద నిలుచుట, క్రొత్తదానిలో చేరుట. నడిమి ఘట్టములో మనిషి వెనుకటివాడును కాడు, ముందటివాడును కాడు. అందుకనియే ఆతనికి సమాజము రక్షణ కల్పించెడిది. ఇప్పటి జీవితమున ఆ నడిమి ఘట్టము పోలేదు, రక్షణ పోయినది. గడపమీద ఒంటరిగా నిలుచున్నవానికి కలుగు భయమునే మనము ఆందోళన యనుచున్నాము.

ఇచ్చట సర్కారు కొలువును గూర్చి ఒక మంచి మాట చెప్పవలెను. బదిలీయైన కేంద్ర ప్రభుత్వోద్యోగి కాపురము మార్చవలసివచ్చినచో, క్రొత్త చోట చేరుటకు ముందు కొంత గడువు హక్కుగా పొందును. దానినే జాయినింగ్ టైము అందురు. 1979 నాటి నిబంధనల ప్రకారము వేయి కిలోమీటర్లలోపు దూరమునకు 10 దినములు. అది దాటినచో 12. రెండు వేల కిలోమీటర్లు మించినచో 15. వాడుకొనని దినములు ఎర్న్‌డ్ లీవునకు జమపడును. రైలు ప్రయాణమునకు పది దినములక్కరలేదు గదా! సామాను కట్టవలెను, పిల్లలను బడి మార్పింపవలెను, పాలవానికి బాకీ తీర్పవలెను, ఇరుగుపొరుగు ఇండ్లకు పోయి చెప్పి రావలెను. ఏ గుమాస్తా కలమునుండి వెలువడినవో గాని, ఆ అంకెలలో మనిషిపై దయ యున్నది.

అదే సర్కారు కొలువులో దీనికి విరుద్ధమైనదియు జరిగినది. 1983 ఫిబ్రవరి 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన యుద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినది. అప్పటికే 55 దాటియున్నవారు అదే నెల 28వ తేదీ సాయంకాలము పదవి దిగవలసియుండెను. 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు ఆ యుత్తర్వువలన విరమణ పొందిరి. తరువాత వయస్సు మరల 58కి పెరిగినది. ఆ నడుమ ఇంటికి పంపబడినవారిలో 58 నిండనివారికి తిరిగి కొలువులో చోటీయవలెనని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ విధానము మంచిదా చెడ్డదా యనుట ఇచ్చట నా పని కాదు. మూడేండ్ల తరువాత రావలసిన దినము ఇరువది దినములలో వచ్చి మీద పడినప్పుడు, ఆ వేలమంది ఇండ్లలో రాత్రులెట్లు గడచియుండునా యని మాత్రము తలచుచుందును. కూతురి పెండ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు, అన్నియు ఆ మూడేండ్లమీద ఆశపెట్టుకొని కట్టిన లెక్కలే గదా.

ఇక దేహము సంగతి. హాన్స్ సెల్యే అను శాస్త్రవేత్త 1936లో ప్రకటించిన చిన్న లేఖలో, ఏ విధమైన ఉపద్రవమునకైనను దేహము మొదట అదరిపడుననియు, పిదప కూడదీసికొని ఎదిరించుననియు, ఉపద్రవము ఎడతెగనిచో చివరకు శక్తి యుడిగి పడిపోవుననియు చెప్పెను. నడిమి దశలో మనిషి చూచువారికి మహాసమర్థునివలె కనబడును. అన్ని పనులు చేయును, ఎవ్వరికిని కాదనడు. కుటుంబమును యజమానియు మోసపోవునది అచ్చటనే. ఉచిత వైద్యశాలలలో రాత్రింబవళ్ళు సేవచేసినవారిలో ఈ పతనమును గమనించి ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రవేత్త 1974లో దానికి బర్నౌట్ అని పేరు పెట్టెను. ఇప్పుడా మాట మన పిల్లల నోట నిత్యము వినబడుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనిని వివరించుచు, ఇది రోగము కాదనియు, పనిచోటి ఎడతెగని ఒత్తిడిని సరిగా నిర్వహింపనందువలన పుట్టు స్థితి యనియు, శక్తి యుడుగుట, పనియెడల విముఖత, పనితనము తగ్గినదన్న భావము దాని లక్షణములనియు పేర్కొన్నది. పనిచోటు అన్న మాటను గమనింపవలెను. పన్నెండు గంటలు పని చేయించి, పదుమూడవ గంటలో ఉద్యోగులను వరుసగా కూర్చుండబెట్టి ప్రాణాయామము నేర్పించుట ఇప్పుడు పెక్కుచోట్ల జరుగుచున్నది. ప్రాణాయామము ఉత్తమమైనది, దానిని నేను తగ్గింపను. కాని బరువు దింపకయే మోయువానికి ఊపిరి పట్టుట నేర్పుట వైద్యము కాదు.

అలసినవానిని పెద్దలు ఎట్లు ఆదరింపవలెనో తెలుపు శ్రీరాముని యౌవనారంభ ఘట్టమొకటి యోగవాసిష్ఠములో నున్నది, వైరాగ్యప్రకరణమని పేరు. పదునారేండ్లు నిండని రాముడు తీర్థయాత్రలు ముగించి అయోధ్యకు మరలివచ్చును. విద్య ముగిసినది, రాజ్యభారము ఇంకను రాలేదు. కొంతకాలమునకు ఆతడు కృశించి, చెక్కిట చేయి చేర్చి, ఏకాంతమున మౌనముగా కూర్చుండును. పరిచారకులు పలుమారు ప్రార్థించిననే గాని నిత్యకృత్యములకైనను లేవడు. దశరథునకు దిగులు. అంతలో విశ్వామిత్రుడు యాగరక్షణకై రాముని పంపుమని వచ్చును. ఆ సభలో ఎవ్వరును ఆ బాలుని పిరికివాడనరు, సోమరి యనరు. అతనిని పిలిపించి, నీ మనస్సులోని మాట చెప్పుమందురు. రాముడు మాటలాడును. సిరి, దేహము, బాల్యము, యౌవనము, కాలము, ఒక్కొక్కదానినిగూర్చి ఎంతయో సేపు మాటలాడును. మహర్షులును, రాజును, మంత్రులును, నిండుసభయు చెవియొగ్గి వినును. విన్న పిదపనే వసిష్ఠుడు బోధ మొదలుపెట్టును. వేదాంతులు ఆ గ్రంథమున పరమార్థమును చూతురు. నేను గృహస్థుడను గనుక మొట్టమొదట వినుటనే చూచుచున్నాను. యజ్ఞము వాకిట నిలిచియున్నను, రాక్షసులు పొంచియున్నను, ఒక కుఱ్ఱవాని దిగులు వినుటకు ఆ పెద్దలకు తీరిక దొరకినది. అర్జునుని రథము సయితము ఇరుసేనల నడుమ నిలిచిన పిమ్మటనే గీత పుట్టినది.

మా మేనకోడలిని ముందుగా వైద్యునికి చూపితిమి. నిద్రలేమి వారముల తరబడి సాగినప్పుడు, గుండెదడ అలవాటైనప్పుడు, బ్రతుకు వ్యర్థమన్న తలంపు ఒక్కమారైనను తొంగిచూచినప్పుడు, పెద్దల హితవచనములు చాలవు, వైద్యుడే కావలెను. తరువాత ఆమె క్రొత్త కంపెనీవారిని కొన్ని దినముల సెలవు అడిగినది. అడుగుటకు చాల సంకోచపడినది. వారు అంత సంకోచింపక ఒక వారమిచ్చిరి. కోనసీమలో నున్న వాళ్ళ నాయనమ్మ యింటికి పంపితిమి. వేసవికాలము, కాలువలు కట్టివేసిన రోజులు. గోదావరి డెల్టాలో ఏటేట వేసవిలో కొన్ని వారములు కాలువలకు నీరాపి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి, గట్లకు మరమ్మతు చేయుదురు. నీరు లేని కాలువను చూచి పరాయివాడు ఎండిపోయినదనుకొనును. ఊరివారికి తెలియును, ఆ నాళ్ళు లేనిచో సార్వాకు చివరి చేలకు నీరందదని. మనస్సునకును కాలువ కట్టు దినములు కావలెను.

ఆ ముసలమ్మ మనుమరాలికి హితబోధ యేమియు చేయలేదు. అది ఆవకాయల కాలము. పొద్దున్నే కొట్టించి తెచ్చిన మామిడిముక్కలను గంపతో ముందు కుమ్మరించి, పాత పంచె గుడ్డ నొకటి చేతికిచ్చినదట. ఒక్కొక్క ముక్క తీసికొని, జీడి తీసి, టెంకలోని పలుచని పొరను గోటితో లేపి, తడి లేకుండ తుడిచి, చాటలో వేయవలెను. గంప నిండ ముక్కలు. తొందరపడినచో పొర మిగిలిపోవును. ఒక్క తడిముక్క చేరినచో జాడీ అంతయు బూజు పట్టును. మొదటి గంట ఫోను ప్రక్కనే పెట్టుకొని తుడిచినదట. పిదప జీడి అంటిన చేతులతో ముట్టుకొన వీలులేక మరచిపోయినదట. మూడవ దినమున పాత యాఫీసు ముచ్చట్లు నాయనమ్మకు చెప్పుట మొదలుపెట్టినది. ఆమెకు అందులో సగము బోధపడలేదు, అయినను "ఊఁ, ఆపైన?" అనుచు వినినది. నిద్ర ఒక్కసారిగా రాలేదు, అద్భుతమేదియు జరుగలేదు. పెండ్లినాటికి రాత్రి ఐదారు గంటలు పడుకొనగలిగినది. వైద్యుడిచ్చిన మందు మరికొన్ని నెలలు వాడినది. ఇప్పుడు కుదుటపడినది.

కావున, పిల్లలను పోషించు పెద్దలకును, పదిమందికి పని యిచ్చు యజమానులకును నేను చేతులు జోడించి ఒక ప్రార్థన చేయుచున్నాను. క్రొత్తగా చేరబోవువాడు "పది దినముల గడువియ్యండి" అని అడిగినచో, దానిని సోమరితనముగా లెక్కింపకుడు. అడుగలేనివానికి మీరే ఇయ్యుడు. పదవి దిగిన తండ్రిని మరునాడే బజారుపనులకు పురమాయింపకుడు. ఆయన గడచిన కొలువును గూర్చి చెప్పిన కథనే చెప్పినను మరల వినుడు. బాలింతరాలిని, తండ్రిని పోగొట్టుకొన్నవానిని, దేశాంతరము పోయినవానిని "ఎప్పుడు పనిలోకి వచ్చెదవు" అని అడుగుటకు ముందు "రాత్రి నిద్రపట్టినదా" అని అడుగుడు. ఇంట వినువారు లేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవ అది. రూకయైనను తీసికొనరు, రేయింబవళ్ళు పలుకుదురు, తెలుగులోనే మాటలాడవచ్చును.